మొహాలు కనపడని 28 నిమిషాలు: క్వీన్స్‌లో పిల్లలతో టీవీ ప్రోగ్రామ్ చేసిన నా అనుభవం

ఇది రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నా, రాస్తే పిల్లల సంగతులు బయటికి పోతాయేమోనని ఆగిపోతూ వచ్చా. మొన్న వాళ్లే "రాయి, మా పేర్లు మాత్రం వద్దు" అన్నారు. ఒక్కొక్కళ్లని విడిగా కూర్చోబెట్టి ఏది రాయొచ్చు ఏది వద్దు అని అడిగి, వాళ్లు వద్దన్నవన్నీ తీసేశాక మిగిలింది ఇది.

ముందు నా సంగతి. మా అమ్మమ్మ వాళ్లది జహీరాబాద్ దగ్గర పల్లె. 2015లో ఎమ్మెస్‌కి న్యూయార్క్ వచ్చా, చదువయ్యాక ఇక్కడే క్వీన్స్‌లో (న్యూయార్క్ నగరంలో ఒక భాగం) సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. నేను లెస్బియన్‌ని. ఇంట్లో అమ్మకి తెలుసు, నాన్నకి తెలుసో లేదో అమ్మకీ నాకూ తెలీదు, ఆ విషయం ఇక్కడితో వదిలేస్తా.

మీడియా అంటే నాకు రెండు జ్ఞాపకాలున్నాయి, రెండూ చిన్నప్పటివే. మొదటిది సంగం రేడియో. జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో ఉంది, పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లది, 2008 అక్టోబర్ 15న మొదలైంది, 90.4 ఎఫ్ఎం, నడిపేది మొత్తం దళిత ఆడవాళ్లు. ఆ తర్వాతి సంక్రాంతి సెలవులకి నేను అమ్మమ్మ ఊళ్లో ఉన్నా, సాయంత్రం రేడియో పెడితే ఎవరో ఒకావిడ జొన్న విత్తనం ఎట్లా దాచుకోవాలో చెప్తోంది, అచ్చం మా ఊరి మాటే, అమ్మమ్మ బియ్యం ఏరుతున్నది కాస్తా చేయి ఆపేసి "గిది మనసొంటోళ్ల గొంతే గదనే, రేడియోల గిట్ల మాట్లాడనిస్తరా" అంది. మనలాంటి వాళ్ల గొంతుని రేడియోలో రానిస్తారా అని ఆమె అడిగింది నిజంగా తెలీకే. ఆ ప్రశ్న నాతో పాటే న్యూయార్క్ వచ్చింది.

రెండోది 2011. నేను ఇంటర్ సెకండియర్. ఒక తెలుగు న్యూస్ ఛానెల్ హైదరాబాద్‌లో గేల మీద ఏదో పెద్ద రహస్యం బయటపెడుతున్నట్టు స్టోరీ వేసింది, ఆన్‌లైన్‌లో ఉన్న అబ్బాయిల ప్రొఫైళ్లు, ఫొటోలు, వాళ్లకి ఫోన్ చేసి మాట్లాడించిన మాటలు అన్నీ టీవీలో పెట్టేశారు. తర్వాత న్యూస్ ఛానెళ్ల స్టాండర్డ్స్ అథారిటీ ఆ ఛానెల్‌కి లక్ష రూపాయల జరిమానా వేసి క్షమాపణ చెప్పించింది, అది నేను చాలా ఏళ్లకి చదివి తెలుసుకున్నా. ఆ రోజు మాత్రం హాల్లో అందరం కూర్చుని అన్నం తింటున్నాం, స్క్రీన్ మీద ఎవరిదో మొహం, నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నా, తల ఎత్తితే నా మొహం కూడా అక్కడ కనపడుతుందేమో అన్నంత భయం వేసింది. 2013లో హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్, అంటే మాలాంటి వాళ్ల ఊరేగింపు, జరిగినప్పుడు వెళ్లా గానీ మాస్క్ కట్టుకునే నడిచా, టీవీ కెమెరా దగ్గరికొస్తే చాలు పక్కవాళ్ల వెనక్కి వెళ్లిపోయేదాన్ని.

ఇక్కడికొచ్చాక పబ్లిక్ యాక్సెస్ టీవీ అనేది ఒకటుందని ఆఫీసులో ఒకావిడ చెప్తే తెలిసింది. తెలీనివాళ్ల కోసం చెప్తున్నా, మామూలు జనమే ప్రోగ్రాములు చేసి వేసుకునే ఛానెల్ అది. కేబుల్ కంపెనీ వాళ్లు వైర్లు లాగేది ఊరి వీధుల కింద నుంచీ స్తంభాల మీద నుంచీ కదా, ఆ వీధులు జనానివి, అందుకని ఊరికి కొంత ఫీజు కట్టాలి, జనం కోసం కొన్ని ఛానెళ్లు వదలాలి అనేది దీని వెనకున్న ఆలోచన. మన్‌హటన్‌లో 1971లోనే మొదలైంది, 1984లో కేబుల్ చట్టం వచ్చి ఫీజు ఆదాయంలో 5 శాతం దాటకూడదని చెప్పింది, ఇలాంటి ఛానెళ్లు అడిగే అధికారం ఊళ్లకిచ్చింది, ఆ ఛానెల్లో ఏం వెయ్యాలో కేబుల్ కంపెనీ చెప్పడానికి వీల్లేదని కూడా రాసింది. మన దగ్గర 1995లో సుప్రీంకోర్టు ఎయిర్‌వేవ్స్ ప్రజల ఆస్తి అని చెప్పింది, ఆ బెంచిలో మన జస్టిస్ జీవన్ రెడ్డి గారు కూడా ఉన్నారు, ఆ మాట మీద నిలబడే తర్వాత కమ్యూనిటీ రేడియో కోసం కొట్లాడి సాధించుకున్నారు. అంటే రెండు చోట్లా వాదన ఒకటే, దారి జనానిది కాబట్టి దాని మీద మాట్లాడే హక్కూ జనానిదే.

ఇక్కడ ఆ ఛానెల్ నడిపే సెంటర్లో చేరా. ముందు ఓరియెంటేషన్, తర్వాత కెమెరా క్లాసు, తర్వాత ఎడిటింగ్ క్లాసు, చివర్లో చిన్న పరీక్ష, అన్నీ కలిపి నాకు ఒక ఐదు వారాలు పట్టింది, ఆఫీసయ్యాక వెళ్లేదాన్ని. పాసయితే కెమెరా, ట్రైపాడ్, కాలర్ మైకులు ఇంటికి తీసుకెళ్లొచ్చు, వాపసు ఇవ్వడం లేటయితే మళ్లీ ఇవ్వరు. పెద్ద కష్టమేం కాదు. వైట్ బ్యాలెన్స్ (రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడేలా కెమెరాని సరిచెయ్యడం) ఒక్కటే నాకు చాలా రోజులు రాలేదు.

2022 సెప్టెంబర్‌లో సెంటర్ వాళ్లు ఎల్‌జీబీటీక్యూ పిల్లలతో ఒక గ్రూపు మొదలుపెడుతున్నాం, శనివారాలు వచ్చి నేర్పుతావా అన్నారు. 'యూత్ ఆఫ్ కలర్' అని పోస్టర్లో రాశారు, అంటే తెల్లవాళ్లు కానివాళ్లు, బ్లాక్, లాటినో, ఏషియన్, అందులో మనమూ వస్తాం. జాక్సన్ హైట్స్‌లో రూజ్‌వెల్ట్ అవెన్యూ పక్కనే చిన్న గది, నెత్తి మీద వంతెన పైనుంచి 7 నంబర్ ట్రైన్ పోతుంటే మాట ఆపాల్సిందే. ఆ గదికి నడిచిపోయే దూరంలోనే 1990లో హూలియో రివేరా అనే గే యువకుణ్ణి కొట్టి చంపారు, ఆ కోపంలోంచే 1993లో క్వీన్స్ ప్రైడ్ పుట్టింది, ఆ వీధి మూలకి ఇప్పుడు ఆయన పేరే ఉంది. పిల్లలు రోజూ ఆ బోర్డు కిందనుంచే వస్తారు, సగం మందికి అప్పటిదాకా అదెవరి పేరో తెలీదు.

ఏడుగురు వచ్చారు, 16 నుంచి 21 ఏళ్లవాళ్లు. జమైకా నుంచి ఒక బ్లాక్ ట్రాన్స్ అమ్మాయి (జమైకా అంటే దేశం కాదు, క్వీన్స్‌లో ఏరియా), కరోనా నుంచి ఈక్వడార్ వాళ్లబ్బాయి (ఇదీ ఏరియా పేరే), రిచ్‌మండ్ హిల్ నుంచి గయానా అమ్మాయి, ఒక బంగ్లాదేశీ అమ్మాయి, ఇంకో ఇద్దరు, ఇంకా మన తెలుగు పిల్లలు ఒకరు. ఆ ఒకరి గురించి తెలుగులో రాయడమే నాకు పెద్ద పని అయింది, తను అబ్బాయీ కాదు అమ్మాయీ కాదు, మరి వచ్చాడు అనాలా వచ్చింది అనాలా. నేరుగా అడిగేశా. కాసేపు ఆలోచించి "వచ్చారు అనక్కా, తాతయ్యకి అంటారు కదా, అలా" అన్నారు. 17 ఏళ్ల పిల్లల్ని మీరు, వారు అనడం మొదట్లో నోరు తిరగలేదు, నెల తిరిగేసరికి అలవాటైపోయింది. ఇక్కడ బుజ్జి అని రాస్తా, మా ఇంట్లో బుజ్జి అని అబ్బాయినీ పిలుస్తాం అమ్మాయినీ పిలుస్తాం.

మొదటి నెల కెమెరా ముట్టుకోలేదు. ముందు ఒక పాత డాక్యుమెంటరీ చూశాం, 'ఫెన్స్‌డ్ అవుట్' అని, 2001లో ఫియర్స్ అనే గ్రూపు పిల్లలు పేపర్ టైగర్ టెలివిజన్ వాళ్లతో కలిసి తీసింది. మన్‌హటన్‌లో క్రిస్టఫర్ స్ట్రీట్ చివర హడ్సన్ నది మీద పాత పియర్లున్నాయి, అంటే ఓడలు ఆగడానికి నదిలోకి కట్టిన వేదికలు, ఇళ్లలోంచి వెళ్లగొట్టిన బ్లాక్, లాటినో క్వీర్ పిల్లలకి ఏళ్ల తరబడి అదే చావడి, అదే ఇల్లు. పార్కు కడతామని కంచె వేసేసి వాళ్లని వెళ్లగొడుతుంటే ఆ పిల్లలే కెమెరా పట్టుకుని పెద్దవాళ్ల దగ్గరికెళ్లి ఇక్కడ అప్పట్లో ఎట్లా ఉండేది అని అడుగుతారు. అడిగించుకున్నవాళ్లలో సిల్వియా రివేరా ఉంది, 1969లో పోలీసుల దాడి మీద గే, ట్రాన్స్ జనం తిరగబడ్డ స్టోన్‌వాల్ గొడవ తర్వాత 1970లో మార్షా పీ జాన్సన్‌తో కలిసి ఇల్లు లేని ట్రాన్స్ పిల్లల కోసం స్టార్ అనే సంఘం పెట్టిన మనిషి, తనూ కొన్నేళ్లు ఆ పియర్ల మీదే ఉంది, 2002లో పోయింది. సినిమా అయిపోయాక జమైకా అమ్మాయి ఒక్కటే మాటంది, "వీళ్ల గురించి ఎవరో తియ్యలేదు, వీళ్లే తీసుకున్నారు." తర్వాతి శనివారం అందరం ట్రైనెక్కి ఆ పియర్ దగ్గరికే వెళ్లాం. ఇప్పుడక్కడ గడ్డి, బెంచీలు, జాగింగ్ చేసేవాళ్లు, రాత్రి ఒంటిగంటకి మూసేస్తారని బోర్డు. ఈక్వడార్ అబ్బాయి ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు, వాడు అంతకుముందు ఏడాది మూడు వారాలు ఇంటి బయటే ఉన్నాడని నాకు అప్పటికి తెలీదు.

తర్వాత స్టోరీ సర్కిల్. గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కళ్లు చెప్తారు, మిగతావాళ్లు వింటారు, సలహాలివ్వరు. ఇది బాగానే సాగింది. అసలు చిక్కు కాగితం దగ్గరొచ్చింది. టీవీలో కనపడాలన్నా వినపడాలన్నా రిలీజ్ ఫారం, అంటే అనుమతి కాగితం, మీద సంతకం కావాలి, 18 నిండకపోతే అమ్మానాన్నల్లో ఒకరు పెట్టాలి. ఫారం మీద ప్రోగ్రామ్ దేని గురించో రాసుంటుంది. ఇంట్లో తెలీని పిల్లలు ఆ కాగితం ఇంటికెలా తీసుకెళ్తారు? పిల్లల్ని కాపాడ్డానికి పెట్టిన రూలే ఈ పిల్లల్ని ఇంట్లో పట్టించేస్తుంది. ముగ్గురు 18 లోపువాళ్లు, ముగ్గురి ఇళ్లలోనూ తెలీదు. సెంటర్ మేనేజర్‌తో రెండు వారాలు కూర్చుని ఒక దారి కనుక్కున్నాం: 18 లోపువాళ్ల మొహం, గొంతు రెండూ వాడం, వాళ్లు కెమెరా వెనక పని చేస్తారు, వాళ్లు రాసింది కావాలంటే పెద్ద పిల్లలు చదువుతారు, టైటిల్స్‌లో వాళ్లు పెట్టుకున్న పేరే వేస్తాం. బుజ్జి ఫోన్లో క్యాలెండర్ తీసి "ఫిబ్రవరిలో నాకు 18 నిండుతాయి, నాది అప్పుడు రికార్డ్ చేస్తా, నా మాట ఇంకొకళ్లు చదవడం వద్దు" అన్నారు. సరే ఆగుదామన్నాం.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి, ఇది చెప్పకపోతే మిగతాదంతా రాయడం అనవసరం.

మా గ్రూపుకి ఒక ఫౌండేషన్ కొంచెం డబ్బు ఇచ్చింది, సగం ముందు, సగం తర్వాత. జనవరిలో వాళ్ల మనిషి ఇప్పటిదాకా చేసింది చూపిస్తారా అని మెయిల్ పెట్టాడు. గురువారం రాత్రి, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, అలిసిపోయి ఉన్నా, రఫ్ కట్ (ఎడిటింగ్ ఇంకా పూర్తికాని వీడియో) లింక్ కాపీ చేసి పంపేశా. లింక్ ఉన్నవాళ్లకి తప్ప కనపడదు కదా అనుకున్నా. పిల్లల్ని అడగాలని తట్టను కూడా తట్టలేదు. జవాబు మర్నాడే వచ్చింది, చాలా బావుంది గానీ మొహాలు లేకపోవడం వల్ల చూసేవాళ్ల మనసుకి పట్టదు, ఇంట్లోంచి గెంటేసిన అబ్బాయి ఆ రాత్రి గురించి కెమెరా వైపు చూస్తూ చెప్తే, కన్నీళ్లొచ్చినా కట్ చెయ్యకుండా ఉంచితే బలంగా ఉంటుంది అని. నేను ఆ మెయిల్ ప్రింట్ తీసి శనివారం తీసుకెళ్లా, ఏదో మంచి ఫీడ్‌బ్యాక్ తెచ్చినట్టు.

చదవడం పూర్తవలేదు, జమైకా అమ్మాయి అడిగింది, "ఎవర్ని అడిగి పంపావ్?" ఎవరూ ఇంకేం మాట్లాడలేదు. పైనుంచి ట్రైన్ పోయింది, అది పోయాక కూడా ఎవరూ మాట్లాడలేదు. ఈక్వడార్ అబ్బాయి బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. బంగ్లాదేశీ అమ్మాయి నా లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని వీడియో ముందుకి జరుపుతూ ఒక చోట ఆపింది. డైవర్సిటీ ప్లాజా దగ్గర మిఠాయి షాపు షాట్, గాజు అద్దం వెనక జిలేబీలు, ఆ అద్దంలో కెమెరా పట్టుకుని నిలబడ్డ తన మొహం, రెండు సెకన్లు. చున్నీ రంగు కూడా తెలుస్తోంది. నేను ఆ షాట్ ఇరవై సార్లు చూసుంటా, జిలేబీలే చూశా. ఆ అమ్మాయి ఏం అనలేదు, స్క్రీన్ మీద వేలు పెట్టి అలాగే ఉంచింది. తర్వాత మళ్లీ రాలేదు, ఫోన్ చేస్తే నాకేం కోపం లేదంది, కానీ రాలేదు.

ఆ వారమంతా నిద్ర లేదు. ఆ ఛానెల్ వాళ్లు చేసిందీ నేను చేసిందీ ఒకటెలా అవుతుంది, నాది మంచి ఉద్దేశమే కదా అని నాకు నేనే చెప్పుకుంటూ ఉన్నా. కానీ 2011లో కంచంలోకి చూస్తూ కూర్చున్న నాకు ఆ రిపోర్టర్ ఉద్దేశంతో ఏం పని? ఫొటో ఒకళ్ల చేతిలోంచి ఇంకొకళ్ల చేతిలోకి పోయింది, అడగలేదు, అంతే. లింక్ తీసేశా, ఆ మనిషిని వీడియో డౌన్‌లోడ్ చేసి ఉంటే తీసేయమని రాతపూర్వకంగా అడిగా, తీసేశానని జవాబిచ్చాడు. తర్వాతి శనివారం పిల్లలకి క్షమాపణ చెప్పా, ఎందుకలా చేశానో వివరించబోతే బుజ్జి "అక్కా, కారణం వద్దు, సారీ వరకు చాలు" అన్నారు. రెండో విడత డబ్బు వద్దని వాళ్లే తేల్చారు, ఓటు పెట్టి మరీ. నన్ను ఓటెయ్యనివ్వలేదు.

గోడ మీద అట్టముక్క పెట్టి వాళ్లే రూల్స్ రాశారు. అందరూ చెయ్యెత్తకుండా ఏదీ గది దాటదు. పాస్‌వర్డ్ జమైకా అమ్మాయి దగ్గరుంటుంది, నా దగ్గర ఉండదు. ఎడిటింగ్ కుర్చీలో ఒక్కొక్కళ్లకి ఇరవై నిమిషాలు, తర్వాత లేవాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి, ఎవరైనా ఏ షాట్ చూసైనా "తీసేయ్" అనొచ్చు, ఎందుకని అడగకూడదు. మొదట్లో నేను చాలా మంచి షాట్లు పోతున్నాయని బాధపడ్డా. తర్వాత గమనించా, ఎప్పుడంటే అప్పుడు తీసెయ్యొచ్చు అని తెలిసినవాళ్లు ఎక్కువ మాట్లాడుతున్నారు. మూడు వారాల తర్వాత ఈక్వడార్ అబ్బాయి తిరిగొచ్చి ముందు ఆ అట్టముక్క చదివాడు, తర్వాత మైకు పెట్టమన్నాడు, ఇంట్లోంచి గెంటేసిన రాత్రి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, తిరిగి తీసుకెళ్లడానికి వాళ్ల నానమ్మ వచ్చిన పొద్దుటి గురించి చెప్పాడు. అమ్మానాన్నలకి చెప్పకుండా బస్సెక్కి వచ్చిందట, చేతిలో ఉమీతాలున్న సంచి, అంటే మొక్కజొన్న రుబ్బి పొత్తు ఆకుల్లో చుట్టి ఉడికిస్తారు. ఆ మాటల మీద వాడి చేతులు ఆకులు చుడుతున్న షాట్ పెట్టుకున్నాడు, చేతులు మాత్రమే.

ఫిబ్రవరిలో బుజ్జికి 18 నిండాయి, ఆ శనివారమే రికార్డింగ్. ముందు ఇంగ్లీషులో రాసుకొచ్చారు, రెండుసార్లు చదివి ఆపేశారు, ఇది నాలా లేదక్కా తెలుగులో చెప్తా అన్నారు. తెలుగు ఇంట్లో మాట్లాడటమే, రాయడం రాదు, కాగితం లేకుండా మొదలెట్టారు. "నేను శుక్రవారాలు ఫ్లషింగ్ గణేశ్ గుడికి వెళ్తాను. కింద క్యాంటీన్లో దోశ తింటాను. అమ్మ నన్ను అందరికీ పరిచయం చేస్తుంది. నేను నవ్వుతాను." అక్కడ ఆగి హెడ్‌ఫోన్స్ తీసి నా వైపు తిరిగి అన్న మాట నేను మర్చిపోలేను. "అక్కా, నేను అన్నంతసేపూ తెలుగు నన్ను అబ్బాయా అమ్మాయా అని అడగట్లేదు, చూశావా." నిజమే, నేను వెళ్తాను, నేను తిన్నాను, నేను నవ్వాను, ఎవరైనా అనొచ్చు. హిందీలో అయితే జాతా అనాలి లేదా జాతీ అనాలి, నోరు తెరవగానే తేల్చెయ్యాలి. మనకి వాడు, అది, ఆమె అన్న పేచీ అంతా ఎదుటివాళ్ల గురించి చెప్పేటప్పుడే, ఎవరి గురించి వాళ్లు చెప్పుకునేటప్పుడు లేదు. ముప్పై ఏళ్లుగా ఈ భాష మాట్లాడుతున్నా, నాకది ఎప్పుడూ తట్టలేదు. బుజ్జి మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగు నిమిషాలు ఆగకుండా మాట్లాడారు, ప్రతి వాక్యం నేను అనే మొదలవుతుంది. ఎడిటింగ్‌లో ఒక్క కట్ లేదు.

రికార్డింగ్ అయ్యాక రూమ్ టోన్ తీసుకోవాలి, అంటే గదిలో ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఖాళీ శబ్దం, తర్వాత కట్లు కలపడానికి పనికొస్తుంది. హెడ్‌ఫోన్స్ నా చెవులకున్నాయి. హీటర్ టిక్కుమంటోంది, ఎవరిదో జాకెట్ జిప్పు, ఆరుగురి ఊపిరి. ఇరవై రెండో సెకను దగ్గర ట్రైన్ వచ్చేసింది, మళ్లీ మొదట్నుంచీ తీశాం.

గయానా అమ్మాయి సంగతి మన తెలుగువాళ్లకి చెప్పి తీరాలి. వాళ్ల ముందుతరాల వాళ్లు చెరుకు తోటల్లో కూలికి మద్రాసు ఓడల్లో వెళ్లినవాళ్లు, గయానాలో వాళ్లని మద్రాసీలంటారు, ఆ ఓడలెక్కిన వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. రిచ్‌మండ్ హిల్‌లో ఇప్పటికీ మారియమ్మ పూజ చేస్తారు, మా ఊళ్లో పోచమ్మకి చేసినట్టే ఉంది వేపాకులతో సహా. డప్పు కొడతారు, దాన్ని 'తప్పు' అంటారు. తనకి తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ ఫోన్లో ఆ డప్పు వినిపించగానే నాకు ఒళ్లు జలదరించింది, అది మా బోనాలప్పటి దెబ్బే. వాళ్ల గుళ్లో మగవాళ్లే కొడతారట, తను ఇంట్లో మామయ్య దగ్గర నేర్చుకుంది, ప్రోగ్రామ్ మొత్తానికి వెనక వినపడే డప్పు తనే కొట్టింది.

మార్చిలో ఎడిటింగ్ నడుస్తుండగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టినవాళ్లలో ఒకరైన సతీష్ గారు పోయారని వార్త చూశా. ఆ శనివారం పిల్లలకి సంగం రేడియో గురించి చెప్పా, ఆ రేడియో నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందు కూర్చున్న ఫొటోలు చూపించా. ఈక్వడార్ అబ్బాయి లైసెన్స్ ఎలా వచ్చింది అన్నాడు. చాలా ఏళ్లు రాలేదు, ప్రభుత్వం కాలేజీలకే కాకుండా ఊరి సంఘాలకి కూడా ఇవ్వచ్చని 2006లో గానీ ఒప్పుకోలేదు, అప్పటిదాకా వాళ్లు క్యాసెట్లలో రికార్డ్ చేసి సంఘం మీటింగుల్లో వేసుకుని వినేవాళ్లు అని చెప్పా. గదిలో అందరికన్నా చిన్నది, 16 ఏళ్ల అమ్మాయి, సాధారణంగా మాట్లాడదు, చెయ్యెత్తి "అంటే టీవీలో వెయ్యకపోయినా అది లెక్కే కదా" అంది. తనకి టీవీలో వినపడటానికి కుదరదు, ఇంకొకళ్లు చదవడం ఇష్టం లేదు. తను ఆరు నిమిషాలు రికార్డ్ చేసింది, మే నెలలో ఒక సాయంత్రం తలుపేసుకుని పిల్లలు ఆరుగురు, నాతో ఏడుగురం విన్నాం, విన్నాక ఆ ఫైలు తన కార్డులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లిపోయింది. కాపీ లేదు. అందులో ఏముందో నేను రాయను.

ప్రోగ్రామ్ జూన్‌లో వచ్చింది, రాత్రి పదిన్నరకి, 28 నిమిషాలు. ఒక్క మొహం లేదు. చేతులు, బూట్లు, ప్లాట్‌ఫాం మీద నీడలు, ఉతికి ఆరేసిన బట్టలు, గొంతులు. సెంటర్లోనే కూర్చుని చూశాం, ఎందుకంటే పిల్లలెవరింట్లోనూ కేబుల్ లేదు, అందరివీ ఫోన్లే, ఇలా కేబుల్ తీసేసేవాళ్లు పెరిగేకొద్దీ ఈ సెంటర్లకి వచ్చే ఫీజూ తగ్గిపోతోంది, నాకున్న పెద్ద దిగులు అదే. కేబుల్ ఉన్నది ఒక్క ఈక్వడార్ నానమ్మకి, స్పానిష్ సీరియళ్ల కోసం. వాడు ఆమెకి ఏమీ చెప్పలేదు, ఛానెల్ నంబర్ మాత్రం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వచ్చాడు. ప్రోగ్రామ్ అయిన పది నిమిషాలకి ఫోన్ వచ్చింది, వాడు గది బయటికెళ్లి మాట్లాడి వచ్చాడు. ఏమందిరా అని అందరూ ఒకటే గోల. "ఆకులు అలా చుట్టకూడదు, విప్పిపోతాయి, ఆదివారం రా నేర్పిస్తా అంది" అన్నాడు. అని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు, జమైకా అమ్మాయి పక్కన కూర్చుని వాడి వీపు మీద చెయ్యేసింది.

బుజ్జి వాళ్ల అమ్మగారు చూడలేదు. ఆవిడకి ఇప్పటికీ తెలీదు, ఎప్పుడు చెప్పాలో అసలు చెప్పాలో వద్దో అది బుజ్జి ఇష్టం. గుళ్లో కనపడితే ఆవిడ నాకు పులిహోర ప్యాకెట్ ఇచ్చి కాలేజీ గురించి సలహాలడుగుతుంది, నేను చెప్తా.

ఇప్పుడు రెండో బ్యాచ్ నడుస్తోంది, కెమెరా క్లాసు బుజ్జి, జమైకా అమ్మాయి కలిసి చెప్తున్నారు. పోయిన శనివారం కొత్త పిల్లలు మొదటిసారి ఫుటేజీ చూసుకునే రోజు, నేను అలవాటుగా వాళ్లతో పాటే ఎడిట్ రూమ్‌లోకి వెళ్లబోతే బుజ్జి తలుపు దగ్గర నిలబడి "అక్కా, వాళ్లు ముందు వాళ్లే చూసుకుంటారు, పిలిస్తే రా" అన్నారు. సరేనని బయట మెట్ల మీద కూర్చున్నా. ఒకసారి లోపల్నుంచి ఎవరో కొత్త గొంతు "తీసేయ్" అనడం వినపడింది, తర్వాత ట్రైన్ వచ్చింది.